నేరం, నేరస్తుడు, దర్యాప్తు – కేసు నడిచే దారిలో ఇంగ్లీషు మాటలు



ఇంగ్లీషు పత్రిక తెరిస్తే ఏదో ఒక పేజీలో నేరవార్త తప్పక కనిపిస్తుంది. ఇంగ్లీషు చదవడం రానివారు కూడా మన ఊళ్ళలో కేసు, అరెస్టు, బెయిలు, రిమాండు, కస్టడీ అనే మాటలను తెలుగు మాటల్లాగే వాడేస్తుంటారు. అయితే వాటికి సరైన అర్థం చెప్పమంటే చాలామందిమి తడబడతాం. "ఎవరినో అరెస్టు చేశారట, దొంగ దొరికాడట" అని ఒకే ఊపిరిలో అనేస్తాం. నిజానికి అరెస్టయిన మనిషికీ, దొంగ అని రుజువైన మనిషికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో ఒక్కో మెట్టుకూ ఇంగ్లీషులో ఒక్కో మాట ఉంది.

బుచ్చయ్యపేట లాంటి చోట వసతిగృహాల్లో చదువుకునే మనలో చాలామంది ఇళ్ళలో చదవడం, రాయడం వచ్చినవారు మనమే. ఇంట్లో ఎవరికైనా స్టేషనుకో, చోడవరం కోర్టుకో వెళ్ళవలసి వస్తే, "ఈ కాగితంలో ఏముందో చదివి చెప్పు" అని అమ్మానాన్నలు మన చేతికే ఇస్తారు. కాబట్టి ఈ మాటలు పరీక్షలో మార్కుల కోసం ఎంత అవసరమో, ఇంటి కోసం అంతకంటే ఎక్కువ అవసరం. అందుకే నిఘంటువులో లాగా అక్షరక్రమంలో కాకుండా, ఒక కేసు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో ఆ వరుసలోనే వీటిని ఇక్కడ వివరిస్తున్నాం.

1. నేరాల పేర్లు

క్రైమ్ అంటే నేరం. చట్టం పుస్తకాల్లో దీన్ని ఎక్కువగా అఫెన్స్ అంటారు. ఇంగ్లీషులో నేరాన్ని 'డూ' చేయరు, 'కమిట్' చేస్తారు. "హి కమిటెడ్ ఎ క్రైమ్" అని రాయాలి.

మనం తెలుగులో దొంగతనం అని ఒకే మాటతో సరిపెట్టే వాటికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి. అనకాపల్లి మార్కెట్లో బెల్లం అమ్ముకుని డబ్బుతో ఇంటికి వస్తున్న ఒక రైతును ఊహించుకోండి.

అతను బస్సులో కునుకు తీస్తుండగా సంచి ఎత్తుకుపోతే అది థెఫ్ట్, అంటే దొంగతనం. జేబులో చెయ్యిపెట్టి తీస్తే అలా చేసినవాడు పిక్‌పాకెట్, అంటే జేబుదొంగ. చేతిలోని సంచిని హఠాత్తుగా లాక్కుని పారిపోతే స్నాచింగ్. కత్తి చూపించి, కొట్టి లాక్కుంటే రాబరీ, అంటే దోపిడీ. ఆ పని ఐదుగురు గానీ, అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి చేస్తే డెకాయిటీ, అంటే బందిపోటు దోపిడీ. "డబ్బివ్వకపోతే నీ సంగతి చూస్తాం" అని బెదిరించి అతని చేతనే ఇప్పించుకుంటే ఎక్స్‌టార్షన్. మాయమాటలు చెప్పి తీసుకుంటే చీటింగ్. దొంగ సంతకం పెట్టి, దొంగ కాగితం పుట్టించి తీసుకుంటే ఫోర్జరీ. ఇంటికి చేరాక రాత్రి తాళం పగలగొట్టి పట్టుకుపోతే బర్గ్‌లరీ. దీన్ని మన చట్టం హౌస్ బ్రేకింగ్ అంటుంది.

పోయింది అదే డబ్బు, కానీ నేరం వేరు, సెక్షన్ వేరు, శిక్ష వేరు. నలుగురు చేస్తే రాబరీ అయినది ఐదో మనిషి కలిస్తే డెకాయిటీ అవుతుంది. అందుకే ఫిర్యాదులో ఎంతమంది వచ్చారు, చేతిలో ఏముంది, కొట్టారా లేదా అన్నది సరిగ్గా రాయాలి.

ఇంకొక విశేషం. డెకాయిటీ, థగ్, లూట్ అనే మాటలు మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళాయి. మూడూ హిందీ మాటలే.

స్టీల్, రాబ్ అనే క్రియల దగ్గర మనం ఎక్కువగా పొరబడతాం. స్టీల్ చేసేది వస్తువును, రాబ్ చేసేది మనిషిని లేదా బ్యాంకును. కాబట్టి "మై సైకిల్ వజ్ స్టోలెన్" అనాలి, "మై సైకిల్ వజ్ రాబ్డ్" అనకూడదు. మనిషి గురించి చెప్పాలంటే "హి వజ్ రాబ్డ్ ఆఫ్ హిజ్ మనీ" అనాలి.

ప్రాణం తీసే నేరాలకు వచ్చే మాటల చివర 'సైడ్' గమనించండి. మన రైతులు పొలాల్లో వాడే పెస్టిసైడ్ లోని సైడే ఇది. లాటిన్ లో చంపడం అనే మాట నుంచి వచ్చింది. హోమిసైడ్ అంటే మనిషిని చంపడం, సూసైడ్ అంటే తనను తాను చంపుకోవడం, ఇన్‌ఫాంటిసైడ్ అంటే శిశుహత్య. హోమిసైడ్ అంతా మర్డర్ కాదు. చంపాలనే ఉద్దేశం, చంపిన పరిస్థితులు బట్టి కోర్టు తేలుస్తుంది. మర్డర్ దాకా రాని దాన్ని మన చట్టం కల్పబుల్ హోమిసైడ్ అంటుంది.

మరికొన్ని మాటలు: కిడ్నాప్ – అపహరణ. ఆర్సన్ – ఇళ్ళు, పంటలు తగలబెట్టడం. ట్రెస్‌పాస్ – అనుమతి లేకుండా ఇతరుల స్థలంలో చొరబడడం. హర్ట్ – గాయం. గ్రీవియస్ హర్ట్ – ఎముక విరగడం, చూపు పోవడం వంటి తీవ్ర గాయం. బ్రైబరీ – లంచం. పెర్జరీ – కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం.

2. మారిన నంబర్లు

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 2024 జూన్ 30 వరకు అమలులో ఉంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కేసు నడిపే పద్ధతిని చెప్పే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. కాబట్టి పాత సినిమాల్లో విన్న నంబర్లు ఇప్పుడు పనికిరావు. హత్యకు 302 పోయి 103 వచ్చింది. హత్యాయత్నానికి 307 పోయి 109 వచ్చింది. దొంగతనానికి 379 పోయి 303 వచ్చింది. మోసగాడిని 'ఫోర్ ట్వంటీ' అని తిడుతుంటాం కదా, ఆ చీటింగ్ ఇప్పుడు 318వ సెక్షన్. కొత్త చట్టంతో పాటు కమ్యూనిటీ సర్వీస్ అనే మాట కూడా శిక్షల జాబితాలో చేరింది. ఐదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవారికి జైలుకు బదులు సమాజసేవ శిక్షగా వేస్తారు.

3. స్టేషను గుమ్మంలో

జరిగిన నేరం గురించి చెప్పుకునేవారు కంప్లెయినెంట్, అంటే ఫిర్యాది. నష్టపోయినవారు విక్టిమ్, అంటే బాధితులు. ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోవచ్చు. ఎవరికో దెబ్బలు తగిలితే చూసినవాళ్ళెవరైనా వెళ్ళి చెప్పవచ్చు.

స్టేషనుకు బాధ్యుడైన అధికారిని స్టేషన్ హౌస్ ఆఫీసర్ అంటారు. మండల స్టేషన్లలో సాధారణంగా ఎస్.ఐ. గారే ఆ బాధ్యతలో ఉంటారు. కింది నుంచి పైకి వరుస ఇది: కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్, ఎ.ఎస్.ఐ., ఎస్.ఐ., సి.ఐ., డి.ఎస్.పి. జిల్లా మొత్తానికి ఎస్.పి.

నేరాలు రెండు రకాలు. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేసి దర్యాప్తు మొదలుపెట్టగలిగేవి కాగ్నిజబుల్ నేరాలు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటేనే దర్యాప్తు చేయవలసినవి నాన్ కాగ్నిజబుల్ నేరాలు. కాగ్నిజబుల్ నేరం గురించి స్టేషనులో మొదట రాసుకునే సమాచారమే ఎఫ్.ఐ.ఆర్. అంటే ఫస్ట్ ఇన్ఫర్మేషన్ రిపోర్ట్, ప్రథమ సమాచార నివేదిక.

ఈ ఒక్క మాట గురించి బాగా తెలుసుకోవాలి. ఫిర్యాదు నోటితో చెప్పినా చాలు, పోలీసులే రాసుకోవాలి. రాసినది చదివి వినిపించాలి. ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒక నకలు ఉచితంగా ఇవ్వాలి. కాగ్నిజబుల్ నేరం అని ఫిర్యాదులోనే కనిపిస్తుంటే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో తీర్పు ఇచ్చింది. కొత్త చట్టంలో మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డి.ఎస్.పి. అనుమతితో 14 రోజుల్లోపు ప్రాథమిక విచారణ జరిపే వీలుంది.

"మా హద్దులో జరగలేదు, వేరే స్టేషనుకు వెళ్ళండి" అనడానికి వీల్లేదు. ఏ స్టేషనులోనైనా రాసుకుని, తర్వాత సంబంధిత స్టేషనుకు పంపాలి. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. రాసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్.పి. గారికి పంపవచ్చు. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

మనకు సంబంధించిన మరో మాట అట్రాసిటీ. ఎస్.సి., ఎస్.టి.లపై జరిగే దౌర్జన్యాల నిరోధానికి 1989లో చేసిన చట్టం పేరులో ఉన్న మాట ఇది. కులం పేరుతో నలుగురిలో అవమానించడం, భూమి లాక్కోవడం, దారికో నీటికో అడ్డుపడడం వంటివన్నీ దీని కిందికి వస్తాయి. ఈ కేసుల్లో ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ చెబుతోంది. 1995 నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి డి.ఎస్.పి. హోదాకు తగ్గకూడదు. రాసినది చదివి వినిపించకుండా సంతకం తీసుకోవడం, నకలు ఇవ్వకపోవడం వంటి పనులు కావాలని చేసిన ఉద్యోగి ఎస్.సి., ఎస్.టి.లకు చెందనివారైతే ఆ చట్టం కింద శిక్షార్హులు కూడా.

4. దర్యాప్తు మాటలు

ఇన్వెస్టిగేషన్ అంటే దర్యాప్తు. ఇది పోలీసులు చేసే పని. ట్రయల్ అంటే విచారణ. ఇది కోర్టు చేసే పని. పత్రికల్లో కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, మనం కలపకూడదు.

నేరం జరిగిన చోటు సీన్ ఆఫ్ అఫెన్స్. అక్కడ దొరికే ఆనవాలు క్లూ. కోర్టులో నిలబడే రుజువు ఎవిడెన్స్. చూసినవారు ఐ విట్‌నెస్, అంటే ప్రత్యక్ష సాక్షి. పెద్దమనుషుల ఎదుట చోటును, వస్తువులను చూసి రాసే కాగితం పంచనామా. అనుమానాస్పదంగా చనిపోయినవారి శవాన్ని పరిశీలించి రాసేది ఇంక్వెస్ట్, అంటే శవపంచనామా. ఆ తర్వాత డాక్టరు చేసేది పోస్ట్‌మార్టం, లాటిన్ లో మరణానంతరం అని అర్థం. నేరం జరిగిన సమయంలో "నేను అక్కడ లేను, ఫలానా చోట ఉన్నాను" అని చూపించే ఆధారం ఎలిబీ. పరారీలో ఉండడం అబ్‌స్కాండింగ్.

ఫింగర్ ప్రింట్స్ అంటే వేలిముద్రలు. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో ఏర్పడింది. వేలిముద్రలను వర్గీకరించే పద్ధతి హెన్రీ అనే ఇంగ్లీషు అధికారి పేరుతో ప్రసిద్ధికెక్కినా, దానికోసం పాటుపడినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవారిద్దరున్నారు.

స్టేట్‌మెంట్, కన్ఫెషన్ అనే రెండు మాటల తేడా ముఖ్యం. సాక్షి పోలీసులకు చెప్పేది స్టేట్‌మెంట్, అంటే వాంగ్మూలం. ఎఫ్.ఐ.ఆర్. మీద ఫిర్యాది సంతకం ఉండాలి. కానీ దర్యాప్తులో సాక్షి ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టించుకోకూడదు. ఇది చాలామందికి తెలియదు. కన్ఫెషన్ అంటే నేరం ఒప్పుకోలు. పోలీసు అధికారి ఎదుట ఒప్పుకున్నది నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదు. దానివల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకే పనికొస్తుంది. పదిహేనేళ్ళ లోపు బాలురను, స్త్రీలను సాక్షులుగా ప్రశ్నించవలసి వస్తే వారు ఉన్న చోటికే పోలీసులు రావాలి తప్ప స్టేషనుకు పిలిపించకూడదు.

దర్యాప్తు సరిగా లేకపోతే ఏమవుతుందో మన పాత విశాఖ జిల్లాలోనే చూశాం. పాడేరు ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 2023 ఏప్రిల్ లో నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో తప్పుపట్టి, ఆ మహిళలకు నష్టపరిహారం ఇప్పించాలని ఆదేశించింది. పదహారేళ్ళ నిరీక్షణ తర్వాత కూడా ఏం జరిగిందో కోర్టులో తేలలేదు.

5. ఒకే మనిషికి ఎన్ని పేర్లు

ఈ వ్యాసంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన భాగం ఇదే.

సస్పెక్ట్ – అనుమానితుడు. పోలీసులకు అనుమానం మాత్రమే ఉంది.
అక్యూజ్డ్ – నిందితుడు. నేరం మోపారు, రుజువు కాలేదు.
అండర్ ట్రయల్ – జైల్లో ఉన్నాడు, విచారణ ఇంకా పూర్తి కాలేదు.
కన్విక్ట్ – దోషి. కోర్టులో నేరం రుజువైంది.
అక్విటెడ్ – నిర్దోషిగా విడుదలైనవాడు.

క్రిమినల్ అనే మాట కన్విక్ట్ అయిన తర్వాతే వాడదగినది. అరెస్టు అయిన రోజునే దొంగ, హంతకుడు అని రాస్తే మనమే తీర్పు చెప్పినట్టవుతుంది.

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. మేజిస్ట్రేటు కస్టడీకి పంపడమే రిమాండ్. జైలుకు పంపితే జ్యుడిషియల్ కస్టడీ, ప్రశ్నించడానికి పోలీసులకు అప్పగిస్తే పోలీస్ కస్టడీ. రిమాండ్ శిక్ష కాదు. బెయిల్ అంటే షరతులపై విడుదల, కేసు కొట్టేశారని కాదు. జామీను ఉండేవారు ష్యూరిటీ. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టుకు ఇచ్చేది చార్జిషీట్, అంటే అభియోగపత్రం.

ట్రయల్ లో ప్రభుత్వం తరఫున వాదించేవారు పబ్లిక్ ప్రాసిక్యూటర్. ముందు చెప్పిన మాట మీద నిలబడక ఎదురు తిరిగిన సాక్షి హోస్టైల్ విట్‌నెస్. మన హాస్టల్ కూ దీనికీ సంబంధం లేదు, స్పెల్లింగు జాగ్రత్త! చివరికి వచ్చేది జడ్జ్‌మెంట్. దోషి అని తేలడం కన్విక్షన్, శిక్ష వేయడం సెంటెన్స్. గ్రామరులో సెంటెన్స్ అంటే వాక్యం, కోర్టులో సెంటెన్స్ అంటే శిక్ష.

ఈ మాటలన్నీ ఒకే కేసులో చూడాలంటే చుండూరు కేసు ఉంది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. విచారణ కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. అప్పటిదాకా అక్యూజ్డ్ గా ఉన్నవారిలో 21 మందికి 2007లో ఆ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అంటే వారు కన్విక్ట్ లు అయ్యారు. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. అంటే అక్విటెడ్. దానిపై సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్ళింది. ఎనిమిది ప్రాణాలు పోయాయన్నది మారలేదు, ఎవరు తీశారన్నది చట్టం దృష్టిలో రుజువు కావడమే ఇంత కష్టమైంది. అందుకే మొదటి రోజు ఎఫ్.ఐ.ఆర్. నుంచి ప్రతి కాగితం సరిగ్గా ఉండాలని మళ్ళీ మళ్ళీ చెబుతున్నాం.

ఈ మాటలతో వచ్చే ప్రిపోజిషన్లు పరీక్షల్లో తప్పకుండా అడుగుతారు:
సస్పెక్టెడ్ ఆఫ్, అక్యూజ్డ్ ఆఫ్, కన్విక్టెడ్ ఆఫ్, అక్విటెడ్ ఆఫ్ – నాలుగింటికీ 'ఆఫ్'.
అరెస్టెడ్ ఫర్ – 'ఫర్'.
చార్జ్‌డ్ విత్ – 'విత్'.
సెంటెన్స్‌డ్ టు – 'టు'.

6. పుట్టుకతో అంటించిన మాట

ఒక తప్పుడు మాట ఎంత కీడు చేస్తుందో మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద ఎరుకల వంటి కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టారు. ఏ నేరమూ చేయనివారి పేర్లు కూడా రిజిస్టర్లలో ఎక్కించి, హాజరు వేయించుకుని, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి సెటిల్‌మెంట్ గా మొదలైనదే. సస్పెక్ట్, అక్యూజ్డ్, ట్రయల్ అనే మెట్లేవీ లేకుండా పసిపిల్లలకు సైతం క్రిమినల్ అనే పేరు పెట్టారన్నమాట. 1952లో ఆ చట్టం రద్దయింది. వారిని విముక్త జాతులు అంటున్నాం. అయినా హాబిచువల్ అఫెండర్, అంటే అలవాటుపడిన నేరస్తుడు అనే పేరుతో పాత ముద్ర జైలు నిబంధనల్లో మిగిలిపోయింది. విముక్త జాతులను అలా పేర్కొనే రాతలను తొలగించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో ఆదేశించింది. చట్టం రద్దయిన 72 ఏళ్ళకు!

పిల్లల విషయంలో మన చట్టం ఈ జాగ్రత్త తీసుకుంది. 18 ఏళ్ళ లోపువారు నేరం చేశారని ఆరోపణ వస్తే వారిని క్రిమినల్ అనరు, చైల్డ్ ఇన్ కాన్‌ఫ్లిక్ట్ విత్ లా అంటారు. వారిని లాకప్ లో పెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్ళాలి. హాస్టల్లో ఎవరి పెన్నో, ట్రంకుపెట్టెలోని పది రూపాయలో పోయినప్పుడు మనం వెంటనే ఒకడిని దొంగ అనేస్తుంటాం కదా. ఆ మాట అనే ముందు ఇది గుర్తు తెచ్చుకుందాం.

7. ఇక చేయవలసినవి

వారానికి ఒకసారి ఇంగ్లీషు పత్రికలోంచి ఒక నేరవార్త కత్తిరించి నోటుబుక్కులో అతికించండి. అందులోని మాటలకు గీతలు గీసి, ఆ కేసు ఏ మెట్టు మీద ఉందో పక్కన తెలుగులో రాయండి. పది వార్తలు చేసేసరికి ఈ మాటలు వాటంతటవే వచ్చేస్తాయి.

ఈ నంబర్లు కూడా రాసి పెట్టుకోండి: పోలీసు సహాయానికి 112, పిల్లల కోసం 1098, సైబర్ మోసాలకు 1930, ఎస్.సి., ఎస్.టి.లపై దౌర్జన్యాలకు 14566, ఉచిత న్యాయసహాయానికి 15100. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్.సి., ఎస్.టి.లకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంచికను అమ్మానాన్నలకు చదివి వినిపించండి. చదివి వినిపించని కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయవద్దని, ఎఫ్.ఐ.ఆర్. నకలు అడిగి తీసుకోవాలని వారికి చెప్పండి. ఇంటికి ఇంతవరకు చెప్పగలిగితే మనం నేర్చిన ఇంగ్లీషు ఉపయోగపడినట్టే.